సైలెన్సర్ లెక్కలతో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గ్లాస్ ఊల్ వంటి శబ్దాన్ని పీల్చుకునే పదార్థాలు అమర్చిన డక్టుల్లో ధ్వని ఎలా ప్రయాణిస్తుందో కంప్యూటర్‌పై లెక్కగట్టే ప్రాజెక్టు చేయమని మా గైడ్ అంటున్నారు. ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా? సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలా?

జవాబు: గణితమంటే ఇష్టముంటే సందేహించకుండా తీసుకోండి. వాహనాల సైలెన్సర్లు, భవనాల ఏసీ డక్టులు, విమాన ఇంజిన్ల లోపలి గోడలకు అమర్చే లైనర్లు... అన్నింటి వెనకా ఉన్నది ఈ లెక్కలే. వాహన సంస్థల్లో శబ్దం, కంపనాలు చూసే విభాగాలకు బీటెక్‌తోనూ ప్రయత్నించవచ్చు. లైనర్ల రూపకల్పన మీద మనసుంటే మాత్రం పీజీకి సిద్ధపడండి.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు. మెష్ (లెక్క కోసం డక్టు లోపలి స్థలాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) ఎంత ముతకగా ఉన్నా సాఫ్ట్‌వేర్ రంగుల బొమ్మ గీసి ఇస్తుంది. ఆ బొమ్మను నమ్మవచ్చో లేదో తేల్చాల్సింది మీరే. అందుకే మొదట పీల్చే పదార్థమేదీ లేని ఎక్స్‌పాన్షన్ చాంబర్‌తో, అంటే పైపు మధ్యలో ఒక్కసారిగా వెడల్పయ్యే గదితో మొదలుపెట్టండి. అర మీటరు పొడవు, పైపుకు పది రెట్ల అడ్డుకోత వైశాల్యం చాలు. గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, 172 హెర్ట్జ్ దగ్గర శబ్దం సుమారు 14 డెసిబెళ్లు తగ్గాలి. 343 హెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ తగ్గకూడదు. చేత్తో కట్టిన ఈ లెక్కకు మీ మోడల్ దగ్గరగా వచ్చేదాకా ముందుకు వెళ్లకండి. ఒక్కో తరంగదైర్ఘ్యానికి కనీసం ఆరు ఎలిమెంట్లైనా (మెష్‌లోని ముక్కలు) ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. 5,000 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 7 సెంటీమీటర్లే కాబట్టి, ఎలిమెంటు సెంటీమీటరు దాటకూడదన్నమాట.

అసలు కష్టం పదార్థాన్ని చేర్చాక మొదలవుతుంది. గ్లాస్ ఊల్ గుండా గాలి వెళ్లడానికి ఎంత నిరోధం ఉందో తెలిస్తే, 1970లో డెలానీ, బాజ్లీ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రాలతో దాని ధ్వని గుణాలను అంచనా వేయవచ్చు. పీచు పదార్థాలకు అవి బాగా పనిచేస్తాయి, మరీ తక్కువ పౌనఃపున్యాల దగ్గర మాత్రం దారి తప్పిస్తాయి. ఈ హద్దులు తెలిసిన విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి చాలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మెనూలు బట్టీ పట్టినవారికి ఆ అవకాశం ఉండదు.

ఈ సెమిస్టర్‌లోనే పైథాన్, సంకీర్ణ సంఖ్యలు, పాక్షిక అవకలన సమీకరణాలు గట్టి చేసుకోండి. ఇలా ముక్కలుగా విడగొట్టి లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి ఫెనిక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లైసెన్సు గురించి బెంగ వద్దు. ప్రాజెక్టుకు ఒప్పుకునే ముందు మీ గైడ్‌ను ఒక్క మాట అడగండి: కాలేజీలో ఇంపీడెన్స్ ట్యూబ్ (పదార్థం ధ్వనిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే గొట్టం) ఉందా? ఉంటే పదార్థం ముక్కను మీరే పరీక్షించి, ఆ కొలతను మీ లెక్క పక్కన పెట్టి చూపించండి. లేకపోతే అది ఉన్న ప్రయోగశాలలో కొన్ని రోజులు పనిచేసే వీలు కల్పించమని ఇప్పుడే కోరండి.