అమ్మాయి బాకెన్ చమురు పొర మీద ఎమ్మెస్ చేస్తానంటోంది, ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ ఆఖరి సంవత్సరం. అమెరికాలోని నార్త్ డకోటాకు వెళ్లి బాకెన్ అనే చమురు పొర మీద ఎమ్మెస్ చేస్తానని పట్టుబట్టింది. ఇల్లు తాకట్టు పెడితే తప్ప అంత లోను పుట్టదు. తీరా చదివాక ఉద్యోగం ఉంటుందో లేదోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న విషయంలో తప్పేమీ లేదండి. నా అభ్యంతరమంతా లోను గురించే. అయితే తనకు ఆ పొర మీద అంత ఇష్టం ఎందుకో ముందు మీకు తెలియాలి.

బాకెన్ సుమారు 36 కోట్ల ఏళ్ల నాటిది. నార్త్ డకోటా, మోంటానా, కెనడాలోని సస్కచెవాన్ కింద పరుచుకుని ఉంది. లోతైన చోట 3 కిలోమీటర్లు దిగాలి. బాగా మందంగా ఉన్నచోట కూడా దాదాపు 50 మీటర్లే. పైనా కిందా నల్లటి షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి), మధ్యలో బూడిదరంగు సిల్ట్ (సన్నటి ఒండ్రు), డోలమైట్ (సున్నపురాయి లాంటిదే) కలిసిన రాయి. చమురు పుట్టింది ఆ నల్ల షేల్‌లో. అక్కడి నుంచి కొంత మధ్య పొరలోకి చేరింది. పైనా కిందా షేలే మూసేయడంతో అది ఎటూ పోలేక ఒత్తిడితో అక్కడే ఉండిపోయింది. మధ్య రాయిలో ఖాళీ 5 శాతం దాకా ఉంటుంది, కానీ ఆ ఖాళీల మధ్య దారులు మరీ సన్నం. మామూలు బావి తవ్వితే చమురు సరిగ్గా రాదు.

అక్కడ చమురు ఉందని 1950ల నుంచే తెలుసు. 1987లో పై షేల్‌లోనే అడ్డంగా బావులు తవ్వడం మొదలుపెట్టారు, ఆ ఊపు ఎక్కువ కాలం నిలవలేదు. డిక్ ఫిండ్లీ అనే జియాలజిస్టు 1990ల మధ్యలో పాత బావుల లాగ్స్ (ఏ లోతులో రాయి ఎలా ఉందో కొలిచి రాసిన రికార్డులు) చూస్తూ, అందరూ వదిలేసిన మధ్య పొర మీద దృష్టి పెట్టాడు. ఆయనది పెద్ద కంపెనీ కూడా కాదు. 2000లో మోంటానాలోని ఎల్మ్ కూలీ అనే చోట ఆ మధ్య పొరలోకే అడ్డంగా బావి తవ్వి, ఒత్తిడితో నీళ్లు, ఇసుక పంపి రాయిని పగలగొట్టారు. దాంతో కథ మారింది. తవ్వితీయగల చమురు 15.1 కోట్ల బ్యారెళ్లని 1995లో అంచనా వేసిన అమెరికా జియలాజికల్ సర్వే, 2008లో దాన్ని 365 కోట్లకు పెంచింది. రాయి మారలేదండి, దాన్ని చదివిన తీరు మారింది. ఈ చదువులో విలువంతా అక్కడే ఉంది.

ఆ పని దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. బావిలోంచి తీసిన కోర్ (కడ్డీలా కోసి తీసిన రాయి) ముక్క మీద పలచని ఆసిడ్ చుక్క వేస్తారు. సున్నపురాయైతే బుసబుస పొంగుతుంది, డోలమైట్ అయితే పొడి చేస్తే గానీ సరిగా పొంగదు. తర్వాత అల్ట్రావయొలెట్ లైట్ కింద పెడితే చమురు పట్టిన చోటు మెరుస్తుంది. ఎన్ని అడుగుల లోతు రాయి మెరిసిందో, అక్కడ లాగ్ ఏం చెబుతోందో జతచేసి చూడాలి. ఇందులో గంటలు గడపగలిగిన పిల్లలకే ఈ రంగం.

ఇక ఉద్యోగాల సంగతి. షేల్ బావుల్లో మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోతుంది, కొత్తవి తవ్వుతూనే ఉండాలి. చమురు ధర పడితే తవ్వకం ఆగుతుంది, ఉద్యోగాలూ ఆగుతాయి. 2014 తర్వాత ఒకసారి, 2020లో మరోసారి అదే జరిగింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాలు) ధర ఒకరోజు సున్నా కంటే కిందికి వెళ్లింది. అమ్మాయి డిగ్రీ పూర్తయ్యే రోజుకు ధర ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఆ ధర మీద ఇల్లు పెట్టకండి.

మూడేళ్ల డిగ్రీతో చాలా అమెరికా యూనివర్సిటీలు నేరుగా సీటివ్వవు. అందుకని ముందు ఇక్కడ ఎమ్మెస్సీ చేయించండి. జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాస్తే ఐఐటీలు, ధన్‌బాద్ ఐఎస్‌ఎం ఉన్నాయి. అది కుదరకపోతే ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా. బాకెన్‌లా దారులు సన్నగా ఉన్న బిగుతు రాయి చూడటానికి నార్త్ డకోటా దాకా పోనక్కర్లేదు కూడా. మీ పక్కనే మండపేట గ్యాస్ క్షేత్రంలో అలాంటి గట్టి ఇసుకరాయే ఉంది, దాని కింద బొగ్గు, షేల్ కలిసిన కొమ్ముగూడెం పొర ఉంది. రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ ఉంది కాబట్టి ఎమ్మెస్సీ ప్రాజెక్టు అక్కడ దొరుకుతుందేమో ప్రొఫెసర్ల ద్వారా అడిగించండి.

ఎమ్మెస్సీ ఉంటే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కోసం యూపీఎస్సీ పరీక్ష రాయవచ్చు. గేట్ కూడా రాయించండి. భూగర్భ జలాలు, గనులు, కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలోకి పంపి దాచే పనులు, వీటన్నిటికీ ఇదే చదువు కావాలి.

ఆ తర్వాత కూడా బాకెనే కావాలంటే అప్పుడు పంపండి, అదీ థీసిస్ ఉన్న కోర్సుకే. అలాంటి వాటిలో ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌షిప్ (పాఠాల్లోనో పరిశోధనలోనో సాయం చేసే పని) దొరికితే ఫీజు తగ్గి నెలనెలా కొంత డబ్బు వస్తుంది. నార్త్ డకోటా యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఆ రాష్ట్రపు బావుల కోర్ ముక్కలు దాచే కోర్ లైబ్రరీ ఉంది, దాని గురించి అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. అసిస్టెంట్‌షిప్ లేని సీటు ఎంత పేరున్నదైనా వదిలేయమనండి. జామ్ నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో వస్తుంది, ఆఖరి సంవత్సరం వాళ్లూ రాయవచ్చు.