లైబ్రరీ సైట్‌కి వచ్చే ఫైళ్ల జాబితా, వివరాలు వాటంతటవే తయారవ్వాలంటే?

పాత పత్రికల పీడీఎఫ్‌లు జనం అప్‌లోడ్ చేస్తుంటే జాబితా, వివరణ ఆటోమేటిక్‌గా రావాలంటే ఎలా అని కదా అడిగారు. మా ఊరి లైబ్రరీకి ఇదే పని రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసింది పారేయాల్సొచ్చింది.

అప్‌లోడ్ అవుతుండగానే థంబ్‌నెయిల్ (చిన్న బొమ్మ), ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) అన్నీ చేయించడం నా మొదటి పొరపాటు. పెద్ద స్కాన్ వస్తే టైమౌట్, పంపినాయన మళ్లీ నొక్కడం, అదే పుస్తకం మూడుసార్లు పడడం. ఇప్పుడు ఫైలు రాగానే డిస్క్‌లో పెట్టి, డేటాబేస్ టేబుల్‌లో ఒక వరస రాసి "అందింది" అనేస్తాను. మిగతాది క్యూలోంచి (చేయాల్సిన పనుల జాబితా) తీసుకుని వర్కర్, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాం, తీరిగ్గా చేసుకుంటుంది. ఏ మెట్టు దాకా అయిందో ఆ వరసలోనే ఉంటుంది కాబట్టి, మధ్యలో సర్వర్ ఆగినా అక్కణ్ణుంచే మొదలవుతుంది. మొదటి మెట్టు ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చడం, డూప్లికేట్లు అక్కడే దొరికిపోతాయి. (మళ్లీ స్కాన్ చేసి పంపితే మాత్రం దొరకవు.) ఫైలు రకానికి ఎక్స్‌టెన్షన్‌ని నమ్మకండి, మొదటి బైట్లు చూడండి.

అసలు తిప్పలు పేర్లతోనే. "జూలై సంచిక" జాబితాలో కళ్లెదుటే ఉంది, వెతికితే రాదు! ఓ సాయంత్రమంతా దానికే పోయింది. తీరా చూస్తే పాత మ్యాక్ నుంచి వచ్చిన ఫైలది. పేరులోని ఐత్వాన్ని అది రెండు ముక్కలుగా దాస్తుంది: ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి. చూడ్డానికి ఒకటే, పోలిస్తే వేరు. పేరునీ, వెతికే మాటనీ రెండిటినీ ఎన్‌ఎఫ్‌సీలోకి (అలాంటి ముక్కల్ని కలిపి ఒకటిగా రాసే యూనికోడ్ రూపం) మార్చాక కుదిరింది. ఇంకోటి, లినక్స్ ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టంలో ఫైలు పేరుకి 255 బైట్లే. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్‌లో ఒక గుర్తు) 3 బైట్లు, అంటే 85, గుణింతాలూ పొల్లులూ కలిపి. మనవాళ్లేమో సంపాదకుడు, సంవత్సరం, ఊరు అన్నీ పేరులోనే రాస్తారు. అందుకే డిస్క్ మీద ఉత్త నంబరు, వాళ్లు పెట్టిన పేరు టేబుల్‌లో.

వివరణకి పీడీఎఫ్‌లోంచి టెక్స్ట్ తీస్తే, యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లవి ఇంగ్లీషు అక్షరాల కలగూరగంపలా వస్తాయి. తెలుగు పుస్తకమని పంపినదాంట్లో తెలుగు అక్షరాలు సగం కూడా లేకపోతే, పేజీని బొమ్మ చేసి టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాంకి ఇస్తాను.

దాని ఫలితం వేరే కాలమ్‌లోకే వెళ్లాలి, మనుషులు రాసినదాని జోలికి పోకూడదు. ఓ రిటైర్డ్ మాస్టారు నెలరోజులు కూర్చుని రాసిన వివరాల మీద నా స్క్రిప్ట్ ఒక్క రాత్రిలో ఓసీఆర్ చెత్త పోసింది. బ్యాకప్ ఉండబట్టి మర్నాడు ఆయనకి మొహం చూపించగలిగాను.