ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లు ఎక్కువమంది మధ్యలోనే ఎందుకు మానేస్తారు?

చేరడానికి ఖర్చు లేదు, మానేస్తే పోయేదీ లేదు కాబట్టే చాలామంది పూర్తి చేయరు. కాలేజీలో అయితే కట్టిన ఫీజు, హాజరు, పరీక్షల టెన్షన్ వెనక నుంచి తరుముతుంటాయి. ఇక్కడ ఒక్క బటన్ నొక్కితే చేరిపోతాం. రెండో వారం అసైన్‌మెంట్ గడువు దాటిపోయినా ఎందుకని అడిగేవాళ్లుండరు.

2011లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తరఫున ఉచితంగా నడిపిన కృత్రిమ మేధ కోర్సునే తీసుకోండి. సుమారు 1,60,000 మంది చేరితే చివరిదాకా నిలిచింది 20,000 పైచిలుకు మందే. అయినా అంతమంది ఏ తరగతి గదిలోనూ పట్టరు!

దీన్నిబట్టి ఆన్‌లైన్ చదువే విఫలమైందనుకోవడం పొరపాటు. చాలామందికి సర్టిఫికెట్‌తో పనిలేదు, కావాల్సిన నాలుగు వీడియోలు చూసుకుని వెళ్లిపోతారు. ఫీజు కట్టి చేసే ఆన్‌లైన్ డిగ్రీల్లో పూర్తిచేసేవాళ్ల శాతం ఇంతకంటే చాలా ఎక్కువ.