డిడక్ట్ అంటే కోతేనా?

ఆగస్టు సెమిస్టరుకి అమెరికా బయల్దేరే పిల్లలు, నేను విజయనగరం వచ్చానని తెలిస్తే ఇంటికి వస్తుంటారు. బియ్యం ఎంత పట్టుకెళ్లాలి, కుక్కరు ఇక్కడే కొనాలా లాంటివి అయ్యాక అసలు సందేహాలు బయటికొస్తాయి. ఈసారి సెలవులకొచ్చిన రాజాం కుర్రాడొకడు ఫోన్లో పే స్లిప్పు చూపించాడు. "అన్నయ్యా, డిడక్షన్స్ అని ఇంత పట్టేశారు. టాక్సులో మాత్రం డిడక్షన్ ఉంటే మంచిదంటారు. ఇన్సూరెన్సులో డిడక్టిబుల్ ఎక్కువైతే ప్రీమియం తగ్గుతుందంటారు. ఇంతకీ ఇది మనకి లాభమా, నష్టమా?"

పక్కనున్న వాళ్ల నాన్నగారు "తరుగురా అది" అనేశారు. ఆయన రైతు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే మిల్లు దగ్గర తరుగు ఎలా తీస్తారో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. నన్నడిగితే అంతకన్నా మంచి అర్థం లేదు. డిడక్ట్ అంటే ఒక లెక్కలోంచి కొంత తీసెయ్యడం. లాభమా నష్టమా అన్నది ఆ మాటలో లేదు, తీసేది ఎవరి లెక్కలోంచి అన్నదాంట్లో ఉంది.

పే స్లిప్పులో తీసేది మీ జీతంలోంచి. మనవాళ్లు కటింగులు అనేది దీన్నే. అయితే ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీదున్నవాళ్లు ఇక్కడ రెండు లైన్లు తప్పకుండా చూసుకోవాలి: సోషల్ సెక్యూరిటీ (అక్కడి పెన్షన్ పథకం) 6.2 శాతం, మెడికేర్ (పెద్దవాళ్ల వైద్యానికి) 1.45 శాతం. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్నుల విషయంలో మామూలుగా మీరు నాన్ రెసిడెంటు (అక్కడ నివాసి కానివాళ్లు) కిందే లెక్క, కాబట్టి నిబంధనల ప్రకారం చేసే పనికి ఈ రెండూ పట్టుకోకూడదు. ఓపీటీలో, అంటే చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకోడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి మీద, ఉన్నా అంతే. డిసెంబరులో దిగినా ఆ ఏడాది ఒకటి కింద పోతుందని మర్చిపోకండి. చిన్న కంపెనీల్లో పేరోల్ చూసేవాళ్లకి ఈ సంగతి తెలియక పట్టేస్తుంటారు. ముందు వాళ్లనే వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఫారం 843తో పాటు 8316 నింపి ఐఆర్ఎస్‌కి (అక్కడి పన్నుల శాఖకి) పంపాలి. డబ్బు రావడానికి టైం పడుతుంది గానీ వదులుకోవద్దు.

టాక్స్ రిటర్నులో వచ్చే డిడక్షన్ మనకి అనుకూలం. పన్ను వేసే ఆదాయంలోంచి కొంత తీసేస్తారు. ఇక్కడ మినహాయింపు అంటామే, అది. కానీ తగ్గేది ఆదాయం, పన్ను కాదు. మీరు 12 శాతం శ్లాబులో ఉంటే 1,000 డాలర్ల డిడక్షన్ వల్ల మిగిలేది 120 డాలర్లే. క్రెడిట్ అన్న మాట కనిపిస్తే అది నేరుగా పన్నులోంచి తగ్గుతుంది. నాన్ రెసిడెంట్లకి మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఇవ్వరు. భారత్ నుంచి వెళ్లిన విద్యార్థులకి మాత్రం రెండు దేశాల పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల దొరుకుతుంది. రిటర్ను మాత్రం నాన్ రెసిడెంట్ల ఫారం 1040-ఎన్ఆర్ మీద వెయ్యాలి. రూమ్మేటు వేశాడని మామూలు 1040 వేసేస్తే తర్వాత సవరించుకోవడం పెద్ద తలనొప్పి.

ఎక్కువమంది బోల్తా పడేది డిడక్టిబుల్ దగ్గర. "2,000 డిడక్టిబుల్ అంటే బిల్లులో 2,000 తగ్గిస్తారు కదా" అని ఆ కుర్రాడూ అన్నాడు. తగ్గిస్తారు, కానీ కంపెనీ తను ఇవ్వాల్సిన దాంట్లోంచి! కారు ఇన్సూరెన్సులో ఇది బాగా తెలుస్తుంది. రిపేరు 1,800 అయి, డిడక్టిబుల్ 500 ఉంటే కంపెనీ ఇచ్చేది 1,300. ఆ 500 మీ జేబులోంచే. హెల్త్ ఇన్సూరెన్సులో ఏడాదికో లెక్క. డిడక్టిబుల్ 2,000, దాని పైన మీ వాటా 20 శాతం అనుకుందాం. ఏడాదిలో మొదటి బిల్లు 3,000 వస్తే ముందు 2,000 మీరే కట్టాలి, మిగిలిన 1,000లో ఇంకో 200 కట్టాలి. మొత్తం 2,200. ప్రీమియం తక్కువని ప్లాన్ తీసుకునే ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. "ఏటిరా, నెలనెలా డబ్బు కట్టించుకుని మళ్లీ మనల్నే కట్టమంటారేటి?" అని వాళ్ల నాన్నగారు ఆశ్చర్యపోయారు. నా దగ్గర సమాధానం లేదు.

రెడ్యూస్ అనే మాటతో ఇంకో చిక్కు. అద్దె 200 డాలర్లు తగ్గించమని మెయిల్ రాసేటప్పుడు 'రెడ్యూస్ బై 200' అనాలి. 'టు 200' అంటే 200కి తగ్గించమని. ఓనరు నవ్వుకుంటాడు, అంతే.

ఓనరు మాట వచ్చింది కాబట్టి డిపాజిట్ సంగతి కూడా. ఇల్లు ఖాళీ చేశాక అందులోంచి డిడక్ట్ చేస్తే దేనికెంత అని రాసిమ్మని అడగండి. కాలిఫోర్నియాలో 21 రోజుల్లోగా, టెక్సస్‌లో 30 రోజుల్లోగా లెక్క తేల్చాలని చట్టం. మామూలు వాడకంతో గోడ రంగు వెలిసినందుకు పట్టుకోకూడదు. టెక్సస్‌లో అయితే మీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పటిదాకా డిపాజిట్ పంపక్కర్లేదు వాళ్లు. ఇంట్లో దిగిన రోజే గదులన్నీ, బాత్రూంతో సహా, వీడియో తీసి ఓనరుకి మెయిల్ చేసెయ్యండి.