ప్రయాణ ప్రశ్నలు: దర్శనం అయ్యాక మిగిలిన రెండు రోజులు

ప్రశ్న: డిసెంబరు చివరి వారంలో మా అత్తగారితో, ఇద్దరు పిల్లలతో తిరుపతి వస్తున్నాము. దర్శనం తర్వాత రెండు రోజులు మిగులుతాయి. పిల్లలు జలపాతం చూడాలంటున్నారు, అత్తగారు చిత్తూరు మామిడిపళ్ళు కొనాలంటున్నారు. ఎక్కడెక్కడికి వెళ్ళమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ముందుగా మీ అత్తగారికి నచ్చజెప్పండి. డిసెంబరులో మా వైపు మామిడి తోటల్లో పూత ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే రైతులే కనిపిస్తారు. బేనీషా, ఇమాంపసంద్ వంటి తినే పళ్ళు కావాలంటే మే, జూన్ నెలల్లో దామలచెరువు మండీలకు రావాలి. గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే తోతాపురి జోరు ఆ తర్వాత జులై దాకా సాగుతుంది.

పిల్లల కోరిక మాత్రం తీరుతుంది. మాకు నైరుతి వానల కంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య ఋతుపవనాల మీదే ఆశ ఎక్కువ కాబట్టి, ఆ వానలు సరిగా పడిన ఏడాది తలకోనలో 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీటిని చూడడానికి డిసెంబరు మంచి సమయం. ఈ సంగతి నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి మే నెలలో బంధువులను వెంటబెట్టుకుని వెళితే తడిసిన బండ ఒకటి కనిపించింది, తెచ్చుకున్న చిత్రాన్నం కోతుల పాలైంది. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా ఉదయమే బయలుదేరండి. మీ అత్తగారు నడవలేకపోతే సిద్ధేశ్వరస్వామి ఆలయం దగ్గర కూర్చోవచ్చు. మీరు పిల్లలతో అడవిదారి పట్టినప్పుడు జలపాతం కోసమే తొందరపడకుండా, చెట్ల మీదుగా లావుపాటి తాళ్ళలా అల్లుకున్న గిల్లతీగలను ఆగి చూడండి. వాన పెద్దదిగా పడిన మరునాడు మాత్రం వెళ్ళవద్దు, అటవీశాఖ వారు వద్దన్న చోట నీటిలో దిగవద్దు.

రెండో రోజుకు చంద్రగిరి కోట చాలు. విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటైన ఆ ఊళ్ళో, కలప వాడకుండా కట్టిన రాజమహలు, అందులోని శిల్పాల ప్రదర్శనశాల, ముందున్న పచ్చికా పెద్దలకు శ్రమ లేకుండా చూడదగినవి. ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు, కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి.

ప్రశ్న: తిరుమలలో ఆడవారు పూలు పెట్టుకోరాదంటారు. అన్ని తోటలు ఉండీ ఈ నియమం ఎందుకు? ఆ పూలన్నీ చివరకు ఏమవుతాయి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనన్న భావన వల్ల ఆ నియమం వచ్చింది. వైష్ణవ సంప్రదాయంలో తిరుమలకు పుష్పమండపమని పేరు. రామానుజాచార్యుల ఆజ్ఞ మేరకు కొండకు వచ్చి, స్వామి పూలకోసం తోట వేసిన శిష్యుడు అనంతాళ్వారు. ఆలయం వెనుక వైపున ఆయన తోట నేటికీ ఉంది. చెరువు తవ్వుతుండగా, గర్భవతి అయిన ఆయన భార్యకు మట్టి మోయడంలో సాయపడిన బాలుణ్ణి ఆయన కోపంతో గునపం విసిరి కొట్టాడనీ, ఆ గాయం స్వామి గడ్డం మీద కనిపించిందనీ, నేటికీ అక్కడ పచ్చకర్పూరం అద్దడం అందుకేననీ ఐతిహ్యం. మహాద్వారం దాటేటప్పుడు తల ఎత్తి చూస్తే ఆ గునపం కనిపిస్తుంది, కాని క్యూ తోపులాటలో చాలామంది దాన్ని గమనించకుండానే వెళ్ళిపోతారు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు స్వామి ఆ తోటకు వేంచేసే బాగ్ సవారి, కార్తికంలో శ్రవణా నక్షత్రం నాడు జరిగే పుష్పయాగం పూలను ఇష్టపడేవారు తప్పక చూడవలసినవి.

అర్చనలో వాడిన పూలతో 2021 నుంచి దేవస్థానం అగరుబత్తులు తయారు చేయిస్తోంది. ఏడు కొండలకు గుర్తుగా వాటిని ఏడు రకాలుగా తెచ్చారు.

తోటల తర్వాత ఇంకొంత సమయం ఉంటే శిలాతోరణం దాకా నడవండి. సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున ప్రకృతి చెక్కిన ఆ రాతి కమాను చుట్టూ చిన్న ఉద్యానం కూడా ఉంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే కొండ కోతను పరికించండి. కింద అతి పురాతనమైన గ్రానైటు శిలలు, వాటి మీద ఎంతో కాలం తర్వాత పేరుకున్న క్వార్ట్‌జైటు పొరలు కనిపిస్తాయి. ఆ రెంటి నడుమ ఒక గీతలా కనిపించే చోట కోట్లాది సంవత్సరాల చరిత్ర లుప్తమైపోయిందని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు.

ప్రశ్న: తిరుపతిలో ఒక హోటల్లో రాగిసంగటి తింటే నోటికి అంటుకుని ఇబ్బంది పడ్డాను. మీరు తరచుగా రాసే పితికిపప్పు మెనూలోనే లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరు నమిలారు. సంగటిని నమలరు. చేయి తడి చేసుకుని చిన్న ముద్ద తీసి, పులుసులోనో పప్పులోనో ముంచి మింగుతారు. వేరుశనగలు, మిరపకాయలు, చింతపండు నూరిన ఊరుబిండి పక్కన ఉంటే ఇంకా మంచిది.

పితికిపప్పు హోటళ్ళలో అరుదు, ఎందుకంటే దాని వెనుక ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. మార్గశిర, పుష్య మాసాల్లో వచ్చే అనపకాయలను ఒలిచి, గింజలను రాత్రంతా నానబెట్టి, ఉదయం ఒక్కో గింజనూ వేళ్ళతో పితికి తోలు తీస్తారు. ఆ పప్పును ఉల్లి, టమోటా, అల్లం వెల్లుల్లి, కొబ్బరి మసాలాతో ఉడికిస్తారు. కాబట్టి చిత్తూరు వైపు చుట్టాలో స్నేహితులో ఉంటే సంక్రాంతికి ముందే కబురు చేయండి, మీరు వెళ్ళిన పూట పితకడానికి కూడా కూర్చోండి.