నాలుగో తరగతిలోనే పిల్లవాడి భవిష్యత్తు తేలిపోతుందా?

ప్రశ్న: సర్, మాది హనుమకొండ. మావారు 2022లో బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉద్యోగంలో చేరారు. రెండేళ్లు చేసి వచ్చేద్దామనుకున్నాం. 2023 వేసవిలో నేనూ పిల్లలూ వెళ్లాం. కాంట్రాక్టు పొడిగిస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఇంకో మూడేళ్లు అంటున్నారు. బాబు అక్కడే రెండో తరగతిలో చేరి ఇప్పుడు నాలుగుకొచ్చాడు. జనవరిలో ఇచ్చిన కాగితంలో లెక్కలు 2, సైన్సూ సోషలూ కలిపిన సబ్జెక్టు 3, జర్మన్ 4. సగటు 3. యూనివర్సిటీ చదువులకు దారితీసే జిమ్నాజియంకి సగటు 2.33, దాని తర్వాతి స్థాయి బడి రియాల్‌షూలెకి 2.66 మించకూడదట. కాబట్టి మూడో రకం బడి, మిట్టెల్‌షూలెకే వెళ్లాలి అన్నారు టీచర్. ఆమె చెప్పింది నాకు సరిగ్గా అర్థం కాలేదు, పక్కనే ఉన్న బాబే తెలుగులో చెప్పాడు. వాడు మధ్యాహ్నాలు ఆన్‌లైన్‌లో ఐఐటీ ఫౌండేషన్ కూడా చదువుతున్నాడు. పిల్లల్ని తీసుకుని వచ్చేయమని, వాణ్ని మంచి క్యాంపస్‌లో చేరుద్దామని అత్తయ్యగారు పోరుతున్నారు. పాప ఎనిమిదో తరగతి, జిమ్నాజియంలోనే ఉంది, దానికి ఇబ్బంది లేదు. అక్కడి చదువా, ఇక్కడి చదువా? ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ఏటా సంక్రాంతి దాటాక నాకు ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. మ్యూనిక్ నుంచి ఒకరు, న్యూరెంబర్గ్ నుంచి ఒకరు. అందరూ అడిగేది ‘అక్కడా, ఇక్కడా’ అనే. అసలు టెన్షన్ మాత్రం వేరే. మావాడు తెలివితక్కువవాడా, మేం వాడికి అన్యాయం చేశామా అన్నది. ముందు దానికి జవాబు చెబుతాను.

వాడు తెలివితక్కువవాడు కాదు. అక్కడ 1 అంటే అందరికన్నా మేలు, 6 అంటే అడుగున. లెక్కల్లో 2 తెచ్చుకున్నాడు. రెండున్నరేళ్ల కింద ‘గూటెన్ మోర్గెన్’ అనడం కూడా రాని పిల్లవాడు, జర్మన్‌లో రాసిన లెక్కను చదివి అర్థం చేసుకుని చేసి తెచ్చుకున్న 2 అది. వాడికి తక్కువైంది భాష ఒక్కటే. ఆ సంగతి మీరుంటున్న బవేరియా రాష్ట్రంలో నిబంధనలు రాసినవాళ్లకీ తెలుసు. జర్మన్ మాతృభాష కాని పిల్లలు, అక్కడి బడిలో ఒకటో తరగతి నుంచి చదవనివాళ్లు అయితే, సగటు 3.33 వరకు ఉన్నా జిమ్నాజియంకో రియాల్‌షూలెకో తగినవాళ్లని బడి రాసి ఇవ్వొచ్చు. మార్కులు తగ్గడానికి కారణం భాషేననీ, ఆ లోటు పూడుతుందనీ వాళ్లకు అనిపించాలి. మీవాడు చేరింది రెండో తరగతిలో, సగటు 3. అంటే ఈ నిబంధన కిందికి వస్తాడు. ఇది హక్కు కాదు, బడి తీసుకునే నిర్ణయం. కానీ మీరు అడగాలి. ఉత్తరంలో ఎక్కడా అడిగినట్టు లేదు.

బడి మార్చుకోవడానికి పనికొచ్చే అసలు సర్టిఫికెట్ వచ్చేది మే మొదట్లో. జనవరి కాగితం అప్పటికి ఎలా ఉన్నారో చెప్పేది మాత్రమే. మేలో కూడా రాకపోతే మూడు రోజుల ట్రయల్ క్లాసు ఉంటుంది. జర్మన్, లెక్కలు రెండింట్లోనూ పరీక్షిస్తారు. ఒకదాంట్లో 3, ఇంకోదాంట్లో 4 వస్తే చేర్చుకుంటారు. రెండింట్లోనూ 4 వచ్చినా చేర్చాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేస్తారు.

సరే, మిట్టెల్‌షూలెకే వెళ్లాడనుకుందాం. ఐదో తరగతి మార్కులతో మళ్లీ మారే అవకాశం ఉంది. అదీ కాకపోతే అందులోనే ఎమ్ క్లాసులని ఉంటాయి. అక్కడ పదో తరగతి పాసైతే రియాల్‌షూలె సర్టిఫికెట్‌తో సమానం. ఆ తర్వాత మార్కులను బట్టి ఫాఖ్‌ఓబర్‌షూలె అనే పై బడిలో రెండేళ్లు చదివితే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో ఇంజినీరింగ్. మీ పక్కనే న్యూరెంబర్గ్‌లో ఉన్న టెక్నిషె హోహ్‌షూలె అలాంటిదే. దానికి జార్జ్ సైమన్ ఓమ్ పేరు పెట్టారు, మనం స్కూల్లో ఓమ్ నియమం అని అప్పజెప్పిన ఆయనే. ఆయన పుట్టింది మీరుంటున్న ఎర్లాంగెన్‌లో, 1789లో. మీవాణ్ని ఓ ఆదివారం అక్కడికి తీసుకెళ్లి ఆ సంగతి చెప్పండి, సరదా పడతాడు.

ఇప్పుడు కాస్త కోపంగా రాయబోతున్నాను, ఏమీ అనుకోకండి.

‘నువ్వు ఆ బడికి పనికిరావు’ అన్న మాటను పదేళ్ల పిల్లవాడి చేత తల్లికి తర్జుమా చేయించారు. వాడు టీచర్ వంక చూసి, మీ వంక చూసి, తన గురించి తానే ఆ వాక్యం చెప్పాడు. మీవారికి ఆ గంట సెలవు దొరకలేదా? ముందుగా చెబితే దుబాసీని ఏర్పాటు చేసే బళ్లు అక్కడ చాలా ఉన్నాయి. ఏదీ కుదరకపోతే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఒకరు వచ్చేవారు. ఆ గ్రూపులో బతుకమ్మకు పూలెక్కడ దొరుకుతాయో అడిగితే పది నిమిషాల్లో జవాబొస్తుంది కదా.

ఇంకో మాట. రెండున్నరేళ్లలో మీరు జర్మన్ ఎంతవరకు నేర్చుకున్నారో రాయలేదు. రాయలేదంటే నాకు అర్థమైంది. మీవారికి ఆఫీసంతా ఇంగ్లీషే కాబట్టి ఆయనా పట్టించుకోలేదు. బ్లూ కార్డు ఉన్నవాళ్లకు బీ1 అనే మధ్య స్థాయి జర్మన్ వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం ఇస్తారు, మొదటి మెట్టు ఏ1 ఉన్నా 27 నెలలకు ఇస్తారు. 2022 నుంచి ఉన్న మనిషి ఇప్పటికీ కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూస్తున్నారంటే ఆ పరీక్ష రాయలేదనే అనుకుంటున్నాను. ‘ఎలాగూ వచ్చేస్తాం కదా, ఇప్పుడు భాష దేనికి’ అని ఏటా అనుకుంటూ వచ్చారు. పెద్దవాళ్లకు అలా గడిచిపోతుంది. బడికి వెళ్లేవాడికి గడవదు.

ఇక ఫౌండేషన్ సంగతి. మీరు దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు, నేను మాత్రం తేల్చలేను.

చలికాలంలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ సాయంత్రం ఆరుకి మొదలయ్యే క్లాసు అక్కడ ఒంటిగంటన్నరకు. మీవాడు ఒంటిగంటకు బడి నుంచి వస్తాడు, అన్నం తిని, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. అది అయ్యేసరికి మూడున్నర. ఇక బడి హోంవర్కు. అది ముగిసేసరికి బయట చీకటి. వాడి క్లాసు పిల్లలు ఆ సమయంలో ఫుట్‌బాల్ క్లబ్బులో ఉంటారు, ఒకళ్లింటికి ఒకళ్లు వెళ్తారు, కొట్లాడుకుంటారు. జర్మన్ వచ్చేది అక్కడ. మీవాడికి ఆ భాషలో పోట్లాడే అవకాశమే లేదు. లోటున్నది జర్మన్‌లో, ట్యూషన్ పెట్టించింది లెక్కలకు, అదీ ఇంగ్లీషులో. వాడి 4 ఎక్కణ్నుంచి వచ్చిందో వేరే వెతకక్కర్లేదు.

అసలు ఫౌండేషన్ మీద నాకు ఇక్కడి పిల్లల విషయంలోనే నమ్మకం తక్కువ. ఆరో తరగతి వాడికి ఎనిమిదో తరగతి పుస్తకం, ఎనిమిదో తరగతి వాడికి ఇంటర్ పుస్తకం. నా దగ్గరికి వచ్చే ఏడో తరగతి పిల్లలు లాగరిథమ్ సూత్రాలు గడగడా అప్పజెబుతారు. అది దేనికి పనికొస్తుందిరా అంటే అమ్మ మొహం చూస్తారు. నాలుగేళ్లు ఫౌండేషన్ చదివి ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువంటే విసుగొచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఫౌండేషన్ చదివి ఐఐటీకి వెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లు అది లేకపోయినా వెళ్లేవాళ్లేనని నా అనుమానం. రుజువు చూపమంటే చూపలేను. ఐఐటీలన్నిట్లో కలిపి సీట్లు 18 వేల పైచిలుకు, జేఈఈ మెయిన్ రాసేవాళ్లు ఏటా 10 లక్షల పైన. ఆ పోటీలో నిలబడాలా వద్దా అన్నది పదహారేళ్లకు వాడు తేల్చుకోవాల్సిన మాట. పదేళ్లకు నాయనమ్మ తేల్చేది కాదు. ఈ నెల ఫీజు కట్టకుండా మానిపించండి. ఇప్పటిదాకా కట్టింది పోతే పోనీండి.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. హైదరాబాద్‌లో ‘జర్మనీలో ఫ్రీ ఎడ్యుకేషన్’ అన్న బోర్డులు చూసి తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తున్నారు. ఇంటర్ పాసైతే చాలు అనుకుంటారు. నేరుగా సీటు రాదు. అక్కడ ఏడాది ప్రిపరేటరీ కోర్సు చేయాలి, లేదా ఇక్కడ డిగ్రీ ఒక ఏడాది చదివి ఉండాలి, లేదా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి. బ్యాచిలర్స్ కోర్సుల్లో ఎక్కువ భాగం జర్మన్‌లోనే. మన మార్కుల కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతేనని తీయనిచ్చే ఖాతాలో, చూపించాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 నుంచి బయటి దేశాల పిల్లల దగ్గర ఫీజు కూడా తీసుకుంటోంది. అక్కడే అబిటూర్ (జిమ్నాజియం చివరి పరీక్ష) పాసైన పిల్లలకు, పాస్‌పోర్టు మనదే అయినా, ఇందులో ఏదీ అంటదు. అంటే మీ పాప కూర్చున్న బెంచీ కోసం ఇక్కడ లోన్లు తీస్తున్నారు. మీరేమో ‘దానికి ఇబ్బంది లేదు’ అని ఒక్క ముక్కలో ముగించారు.

అమ్మా, ఇబ్బంది ఉన్నది పాపకే. అబ్బాయి విషయంలో మీకు నాలుగేళ్ల టైముంది, పాప విషయంలో నాలుగు నెలలు.

తెలంగాణలో ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, అందులోనైనా నీట్ రాష్ట్ర సీట్లలోనైనా లోకల్‌గా చూడాలంటే ప్రధాన నిబంధన, ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడ చదవడం. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. పాప ఈ జూన్‌లో తొమ్మిదిలో చేరితే లోకల్. వచ్చే ఏడు పదిలో చేరిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఐఐటీకి లోకల్ గొడవ లేదు. ఎన్‌ఐటీల్లో ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం. కానీ పాపకు డాక్టరీ మీద మనసుంటే మాత్రం ఈ నిబంధన పెద్ద తేడా తెస్తుంది.

ఉండిపోతే మాటేమిటి? బవేరియాలో జిమ్నాజియం మళ్లీ తొమ్మిదేళ్లయింది కాబట్టి పాప అబిటూర్ రాసేది 2031లో. మీవారి ‘ఇంకో మూడేళ్లు’ 2029తో అయిపోతుంది. అప్పుడు తిరిగొస్తే పాప పదకొండు పూర్తిచేసి ఉంటుంది, అబిటూర్ ఉండదు, ఇక్కడ లోకల్ ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది. మూడేళ్ల పొడిగింపు అన్నది మీ ఇంటికి అన్నిటికన్నా చెడ్డ అంకె. ఉంటే 2031 దాకా ఉండాలి, వస్తే ఈ జూన్‌కే రావాలి. కంపెనీ ఇచ్చే కాంట్రాక్టు చూసి ఇంటి నిర్ణయం తీసుకోకండి. అక్కడి ఉద్యోగాలు గట్టివన్న ధీమా కూడా ఈ మధ్య పోయింది. ఫోక్స్‌వాగన్ లాంటి సంస్థే 2030 లోపు 35 వేల ఉద్యోగాలు తగ్గిస్తానని 2024 డిసెంబర్‌లో ఒప్పందం చేసుకుంది. అందుకే మీవారు ముందు ఆ భాషా పరీక్ష రాసి శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవాలి. అది చేతిలో ఉంటే ఉద్యోగం పోయినా పిల్లల బడి పోదు.

‘నేనూ పిల్లలూ వచ్చేస్తాం, ఆయన అక్కడుంటారు’ అన్న మధ్యేమార్గం మీ ఇంట్లో ఈపాటికే చర్చకొచ్చి ఉంటుంది. తెలిసి చేయండి. బ్లూ కార్డు కుటుంబాలు 12 నెలలు దాటి బయట ఉంటే అక్కడి నివాస అనుమతి రద్దవుతుంది. ‘ఓ ఏడాది చూసి, నచ్చకపోతే వెనక్కి వెళ్దాం’ అనుకుంటే వీసా దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి రావొచ్చు.

పోలిక అడిగారు. ఇదీ పోలిక: పాప అక్కడ కుదురుకుంది, జిమ్నాజియంలో మొదటి ఏడాది గడవడమే కష్టం, అది దాటేసింది. బాబు కుదురుకోవడానికి అడ్డం పడుతున్నది మధ్యాహ్నం క్లాసు. నేనైతే ఉండమంటాను, మీవారు 2031 వరకు అని మాటిస్తేనే. మాటివ్వలేను అంటే ఆయనను తిట్టకండి, టిక్కెట్లు చూడండి. ఇక్కడ ఇంట్లో ఆయన అమ్మానాన్నలు ముసలివాళ్లవుతున్నారు, అది కూడా కారణమే.

పాపను అడిగారా? పద్నాలుగేళ్ల పిల్ల. ముగ్గురూ కూర్చుని అడగండి, అత్తయ్యగారితో వీడియో కాల్ లేని సమయం చూసి. వస్తాను అంటే తెలుగు చదవడం రాయడం ఇప్పుడే మొదలుపెట్టించాలి, మూడేళ్లకు అక్షరాలు మర్చిపోయే ఉంటుంది.

ఈ వారంలో టీచర్‌కు ఈమెయిల్ పెట్టి, మాట్లాడటానికి టైము అడిగి, 3.33 నిబంధన గురించి నేరుగా అడగండి. మీరూ మీవారూ వెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లకు పాఠాలు చెప్పే ఫోల్క్స్‌హోహ్‌షూలెలో మీకు జర్మన్ కోర్సు, బాబుకు ఏదో ఒక క్లబ్బు. పాప రావాలనుకుంటే మాత్రం హనుమకొండలో తొమ్మిదో తరగతి సీట్ల కోసం ఇప్పుడే కనుక్కోండి, మార్చి, ఏప్రిల్‌ దాటితే మంచి బళ్లలో దొరకవు. మార్కుల కాగితాలకు గుర్తింపు ఉన్న అనువాదకుల చేత ఇంగ్లీషు తర్జుమా అక్కడే చేయించుకోండి, ఇక్కడికొచ్చాక అయితే చాలా తిరగాల్సి వస్తుంది. అక్కడ జూలై చివరి దాకా బడి ఉంటుంది, ఇక్కడ జూన్‌లోనే తెరుస్తారు. మధ్యలో మానిపించాలంటే దేశం వదిలి వెళ్తున్నట్టు బడికి రాతపూర్వకంగా చెప్పి పేరు తీయించుకోవాలి. ఊరికే విమానం ఎక్కేస్తే కుదరదు, సెలవులకు ముందు బడి ఎగ్గొట్టి ప్రయాణమయ్యే కుటుంబాలను బవేరియా పోలీసులు ఎయిర్‌పోర్టులోనే ఆపి అడుగుతుంటారు.