మైకేల్ జాక్సన్ విడుదల చేయని పాటలను వాషింగ్టన్‌లో మామూలు మనిషి వినవచ్చా?

అమెరికా జాతీయ గ్రంథాలయంలో మైకేల్ జాక్సన్ విడుదల చేయని పాటల టేపులు ఉన్నాయట, వెళ్ళి వినవచ్చా, నకలు తెచ్చుకోవచ్చా అని అడిగారు. వినవచ్చు. నేను విన్నాను. నకలు సంగతి చివర్లో చెబుతాను.

పరిశోధకులకే అనుమతి అనీ, విశ్వవిద్యాలయం నుంచి సిఫారసు ఉత్తరం కావాలనీ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా అక్కడి గడప తొక్కి ఉండరని నా గట్టి నమ్మకం. అమెరికా కాపీరైట్ చట్టంలో 705వ సెక్షన్ చూడండి. నమోదు కోసం దాఖలైన ప్రతులు కాపీరైట్ కార్యాలయం అధీనంలో ఉన్నంత కాలం ప్రజల పరిశీలనకు అందుబాటులో ఉండాలి. ప్రజలంటే ప్రజలే. మీరు పీహెచ్‌డీ చేస్తున్నారా, పెసరట్లు వేస్తున్నారా అని అక్కడ ఎవరూ అడగరు.

అయితే అవి అభిమానుల కోసం ఎవరో ప్రేమగా దాచిపెట్టినవి కావు. మీరు అడిగిన ఆ గ్రంథాలయం పేరు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. అందులో కాపీరైట్ కార్యాలయం ఒక విభాగం. రేపు ఎవరైనా కోర్టుకు లాగితే ఈ పాట నాదేనని చెప్పుకోవడానికి ముందుగానే అక్కడ నమోదు చేసుకుని, ఒక ప్రతి ఇచ్చి పెడతారు. 1977 దాకా విడుదల కాని పాటను స్వరలిపిలో, కాగితం మీద రాసి ఇవ్వాల్సి వచ్చేది. 1978 జనవరి 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చాక క్యాసెట్ ఇచ్చినా చాలన్నారు. జాక్సన్‌కు స్వరలిపి రాయడం రాదు. మనసులో తట్టిన పాటకు డప్పు, బాసు, కోరస్ అన్నీ నోటితోనే పలికించి టేపు చేసుకునేవాడు. అన్నదమ్ములతో కలిసి సొంత పాటలు కట్టుకున్న 'డెస్టినీ' ఆల్బమ్ వచ్చింది కూడా 1978లోనే. చట్టం ఇంకో పదేళ్ళు ఆలస్యమై ఉంటే అక్కడ మనకు దొరికేది ఎవరో గుమాస్తా గీసిపెట్టిన స్వరాల కాగితం మాత్రమే. పాప్ చరిత్రకు ఆ చట్టం చేసినంత మేలు ఏ సంగీత కంపెనీ చేయలేదని నేను ఎక్కడైనా వాదిస్తాను.

పైగా, విడుదల కాని పాటల ప్రతులను కాపీరైట్ గడువు ముగిసేదాకా ఆ కార్యాలయం పారేయకూడదు. పారేయాలంటే ముందు పూర్తి నకలు తీసి పెట్టుకోవాలి. 1978 తర్వాత జాక్సన్ ఒక్కడే కట్టిన పాటలకు గడువు అతను పోయిన 70 ఏళ్ళ దాకా, అంటే 2079 చివరిదాకా ఉంటుంది. కంపెనీల గోదాముల సంగతి మనకు తెలియనిది కాదు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ ప్రాంగణంలో మంటలు లేచి ఎన్నో పాటల అసలు టేపులు బూడిదయ్యాయి. నష్టం ఎంత పెద్దదో పత్రికలకెక్కడానికి 2019 దాకా పట్టింది.

ఇక వెతకడం. 1978 నుంచి ఉన్న నమోదులు ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. అంతకు ముందువి కార్డుల మీద ఉంటాయి. విడుదల కాని పాటల నమోదు సంఖ్య 'పీఏయూ' అనే అక్షరాలతో మొదలవుతుంది. ఇంతవరకు సులువే. అసలు చిక్కు పేరుతో వస్తుంది. అమెరికాలో మైకేల్ జాక్సన్‌ను వెతకడమంటే గుంటూరు ఓటర్ల జాబితాలో వెంకటేశ్వరరావును వెతకడమే. దేవుడి మీద పాటలు కట్టిన మైకేల్ జాక్సన్‌లు ఉన్నారు, నాటకాలు రాసిన మైకేల్ జాక్సన్‌లూ ఉన్నారు. పుట్టిన సంవత్సరం 1958 అని ఉందా, హక్కుదారు చోట అతని ప్రచురణ సంస్థ 'మైజాక్ మ్యూజిక్' పేరు ఉందా అని చూసుకుంటూ వడకట్టాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. 1990 చివరిదాకా నమోదు రుసుము 10 డాలర్లు. విడుదల కాని పాటలు ఎన్ని ఉన్నా ఒకే సంకలనంగా చుట్టి ఒకే రుసుముతో ఇచ్చేయడానికి అప్పట్లో వీలుండేది. కోటీశ్వరుడి వకీలైనా వకీలే కదా, డబ్బు మిగిలే దారి ఉంటే వదులుతాడా? అందువల్ల జాబితాలో ఒక పేరు కనిపించినా టేపులో పది పాటలు ఉండవచ్చు.

టేపులు గ్రంథాలయ భవనంలో ఉండవు. ఊరి బయట గోదాముల్లో ఉంటాయి. నమోదు సంఖ్య రాసి, రుసుము కట్టి, అవి వచ్చేదాకా ఆగాలి. వచ్చాయని కబురు అందాక నేను వాషింగ్టన్ శివారు యాష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ మెట్రో రైలెక్కి క్యాపిటల్ సౌత్‌లో దిగాను. కారులో మాత్రం వెళ్ళకండి. ఆ చుట్టుపక్కల కారు నిలపడానికి పట్టే సమయంలో ఒక ఆల్బమ్ మొత్తం వినవచ్చు. కాపీరైట్ కార్యాలయం ఉన్నది గ్రంథాలయం వారి జేమ్స్ మాడిసన్ భవనంలో నాలుగో అంతస్తు. గది చూస్తే మన తాలూకా కార్యాలయమే, ఎయిర్ కండిషనర్ ఒక్కటి అదనం. ఫోను, సంచి బయట పెట్టించి ఒక ఉద్యోగిని నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆవిడ ముఖంలో ఏ ఆసక్తీ లేదు. నాకు అదే నచ్చింది. లోపలున్నది ప్రపంచ ప్రఖ్యాత గాయకుడి గొంతైనా, ఏ కాలేజీ కుర్రాడి గొంతైనా ఆవిడకు ఒక్కటే.

ఏ పాట విన్నానో ఇక్కడ రాయను. రాస్తే రేపటికి దాని పేరుతో దొంగ ఆడియోలు పుడతాయి. మొదట టేపు బుసబుస, తర్వాత చిటికెలు. ఒక చరణానికి మాటలు ఉన్నాయి. రెండో చరణం వచ్చేసరికి మాటలు అయిపోయి, అదే వరుస మీద అర్థం లేని అక్షరాలు. కానీ ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఏ అక్షరాన్ని కొరికి వదలాలో అప్పటికే ఖాయమైపోయింది. మధ్యలో ఒకచోట గొంతు పెగలక ఆగి, గొంతు సవరించుకుని, ఆపిన చోటి నుంచి కాకుండా పల్లవి మొదటి నుంచి అందుకున్నాడు. ఆ సవరింపు ఏ కంపెనీ విడుదల చేసినా ఉండదు, మొదటే కోసేస్తారు. నేను మళ్ళీ వెనక్కి తిప్పమని అడిగింది పాట కోసం కాదు, దాని కోసమే. ఇదంతా నా ఊహ అనుకునేవాళ్ళు 2001లో 'థ్రిల్లర్' ఆల్బమ్ ప్రత్యేక ముద్రణలో వచ్చిన 'బిల్లీ జీన్' 1981 నాటి ఇంటి టేపు వినండి. అందులోనూ మాటలు ఇంకా పూర్తి కాలేదు, పాట మాత్రం పూర్తయిపోయింది. 1994లో 'డేంజరస్' పాట కాపీ కొట్టాడన్న దావాలో డెన్వర్ కోర్టుకు వెళ్ళినప్పుడు అతను పాట ఎలా పుట్టిందో బోనులో పాడి చూపించాడు. తీర్పు అతని వైపే వచ్చింది.

అందుకే, చనిపోయిన వాడి చిత్తుప్రతులకు కంపెనీలు రంగులు వేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2009 అక్టోబరులో 'దిస్ ఈజ్ ఇట్' అనే పాటను కొత్త పాటగా విడుదల చేశారు. తీరా చూస్తే అది 1983లో గాయకుడు పాల్ ఆంకాతో కలిసి రాసినది, పైగా 1991లోనే సఫైర్ అనే గాయని పాడేసింది. ఆంకా అడిగాక ఆయనకు సగం వాటా ఇచ్చారు. 2010 నాటి 'మైకేల్' ఆల్బమ్‌లో మూడు పాటల గొంతు అసలు జాక్సన్‌దేనా అని అభిమానులు ఏళ్ళ తరబడి పోట్లాడాక 2022లో వాటిని ఆన్‌లైన్ నుంచి తీసేశారు. 2014లో 'ఎక్స్‌కేప్' పేరుతో ఎనిమిది పాటలకు కొత్త వాయిద్యాలు తొడిగారు. ఖరీదైన ముద్రణలో పాత రూపాలు కూడా చేర్చారు కాబట్టి బతికిపోయారు. నాకు తెలిసిన అభిమానుల్లో కొత్త రూపాన్ని రెండోసారి విన్నవాళ్ళు లేరు.

మన దగ్గర చూడండి. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి వెళ్ళాలి, 1956లో పత్రికలను కూడా చేర్చారు. పాట మాత్రం ఆ జాబితాలో లేదు. మన గాయకులు పాడాక సినిమాలో వాడకుండా వదిలేసిన పాటలు నిర్మాత అటక మీద ఉన్నాయో, చెదలకు పోయాయో అడగడానికి ఒక గుమాస్తా అయినా లేడు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, తెలుగు రచయితలు తమ రచనలు తామే చదవగా 2000 నుంచి రికార్డు చేసి పెట్టింది కూడా ఇదే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ఢిల్లీ కార్యాలయం.

మీ రెండో ప్రశ్న, నకలు. ఇవ్వరు. హక్కుదారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా కోర్టు ఆదేశించాలి, లేదా ఆ పాట మీద దావా నడుస్తోందని, లేదా వేయబోతున్నారని వకీలు రాసివ్వాలి. 1996 నవంబరు 1న బొంబాయి అంధేరీలో జరిగిన జాక్సన్ కచేరీకి విజయవాడ నుంచి రైల్లో నిలబడి వెళ్ళిన మేనమామ ఒకాయన నాకు ఉన్నారు. సంగతి చెప్పగానే, "ఒరే, ఫోను చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళకపోయావా?" అన్నారు. కుదరదు మామయ్యా, ఈ మూడే దారులు అని వివరించాను. కాసేపు ఆలోచించి, ఆ చివరి దారికి అమెరికాలో వకీలు ఎంత తీసుకుంటాడో కనుక్కోమన్నారు.